సున్నం కోసం పద్దెనిమిది నెలలు

ఇల్లు కొన్న తొలి జనవరిలోనే వంటగదిలో బియ్యం డబ్బా వెనక గోడ చెమ్మగిల్లి కనిపించింది. గోటితో గీరితే తెల్ల రంగు పెచ్చుగా లేచి వచ్చింది. దాని కింద గులాబీ రంగు జిప్సం ప్లాస్టరు, టీలో ముంచిన బిస్కెట్టులా మెత్తబడి ఉంది. గోడ మీద నల్లటి బూజు చుక్కలు, డబ్బా అడుగున తుప్పు వలయం. ఆ చుక్కల్ని తుడవడానికి బ్లీచ్ సీసా మూత తీసిన రోజు నుంచి, మేస్త్రి చివరి సందులో సున్నం నింపిన రోజు దాకా లెక్కవేస్తే పద్దెనిమిది నెలలు.

మా ఇల్లు ఉత్తర యార్క్‌షైర్‌లో, హ్యాంబుల్టన్ కొండల దిగువన ఉంది. ఊరి పేరు రాయను. పదిహేను గడపల ఊళ్లో తెలుగు కుటుంబం మాదొక్కటే కాబట్టి, పేరు రాస్తే చిరునామా ఇచ్చినట్టే. రెండడుగుల మందం రాతి గోడలు, ఎర్ర మట్టి పెంకుల కప్పు, పక్కన పాత ధాన్యపు కొట్టు, వెనక చిన్న పచ్చిక బయలు. ఇంటి పేరు చివర ‘గ్రేంజ్’ అన్న మాట. ఆ మాటకు పడిపోయే కొన్నామంటే అబద్ధం కాదు. అమ్మకం కరపత్రంలో ఇది మధ్యయుగపు సన్యాసుల పొలం అని ఉంది. నేను తెనాలికీ హైదరాబాదుకూ ఫోన్లు చేసి మరీ చెప్పాను, సన్యాసులు ఉన్న ఇల్లు కొన్నామని. “సన్యాసులు ఉన్న ఇల్లు సంసారులకు ఎందుకమ్మా?” అన్నారు మా అత్తగారు. ఆ ప్రశ్నకు నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

బూజు సంగతి చూడమని ఒక చెమ్మ నివారణ సంస్థవారిని పిలిచాం. వచ్చినాయన రెండు సూదులున్న మీటరును గోడకు గుచ్చాడు, అది కీచుమంది, ఇరవై నిమిషాల్లో ధర చెప్పాడు. గోడ అడుగున వరసగా రంధ్రాలు చేసి రసాయనం ఎక్కిస్తారట. వచ్చే సోమవారమే మొదలుపెడతామన్నాడు. మావారు బయానా కట్టడానికి కూడా సిద్ధపడ్డారు. ఆ ఆదివారం కంచె అవతల గొర్రెలకు గడ్డి వేస్తున్న పక్క పొలం రైతు మాటల్లో అడిగాడు: “మీది లిస్టెడ్ ఇల్లు కదా, అనుమతి తీసుకున్నారా?”

లిస్టెడ్ అని కాగితాల్లో చూశాం. గ్రేడ్ టూ అని కూడా చూశాం. డిగ్రీలో సెకండ్ క్లాసు లాంటి మర్యాద అనుకుని ఊరుకున్నాం. ఆ రాత్రి కూర్చుని చదివితే తెలిసింది. ఇంగ్లండులో చారిత్రక కట్టడాల జాబితా 1947 నాటి చట్టంతో రూపుకట్టింది. ఇప్పుడు అందులో దాదాపు 4 లక్షల నమోదులున్నాయి, పదింట తొమ్మిదికి పైగా గ్రేడ్ టూవే. 1990 నాటి చట్టం ప్రకారం, కట్టడం ప్రత్యేకతను మార్చే పని ఏదైనా అనుమతి లేకుండా చేస్తే అది నేరం. జరిమానాతో పోయే చిన్న తప్పు కాదు, జైలుకు కూడా పంపగల నేరం. ముఖద్వారానికో, వీధి గోడకో కాదు ఈ రక్షణ. లోపలి గార, మెట్లు, తలుపుల గొళ్లాలు, 1948 జులై 1కి ముందు నుంచీ ఆవరణలో ఉన్న కొట్టాలు కూడా అందులోకే వస్తాయి. మా ఇంటి నమోదు నాలుగు పంక్తులే: పొలం ఇల్లు, 17వ శతాబ్దం, రాయి, పెంకు. ఆ నాలుగు పంక్తుల్లో లేనిది కూడా రక్షణలో ఉన్నట్టే.

అంతకన్నా నిద్ర పట్టనివ్వని సంగతి ఇంకొకటి ఉంది. వంటగదికి ఉన్న ప్లాస్టిక్ కిటికీ ఎప్పుడో పాత యజమాని అనుమతి లేకుండా పెట్టించింది. దాన్ని సరిచేయమని నోటీసు ఇస్తే, అది ఇప్పుడు ఇల్లు ఎవరిదైతే వారికే వస్తుంది. దానికి గడువు కూడా లేదు. అప్పు తీసుకోకుండానే బాకీ పడ్డట్టు.

బయానా ఆపేశాం. స్థానిక ప్రణాళికా విభాగానికి రాసి, దరఖాస్తుకు ముందు సలహా కోసం రుసుము కట్టాం. మార్చి మొదట్లో పరిరక్షణ అధికారిణి వచ్చారు. మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు, చేతిలో చిన్న టార్చి. నేను వంటగది గోడ చూపిద్దామని లోపలికి పిలిస్తే ఆవిడ రాలేదు. బయట గోడ వెంట నెమ్మదిగా నడుచుకుంటూ వెళ్లి, ఒకచోట కారు తాళం చెవితో రాళ్ల మధ్య సందును గీరారు. చెవి మొన జారిపోయింది, గీత కూడా పడలేదు. “సిమెంటు,” అన్నారు. సందు పక్కన రాయి అంచును బొటనవేలితో నొక్కితే రవ్వలుగా రాలింది.

ఆవిడ చెప్పినదాన్ని నా మాటల్లో చెబుతాను. పాత రాతి గోడ వాన నీళ్లను కొంత పీలుస్తుంది, ఎండకూ గాలికీ వదిలేస్తుంది. వదిలేది ఎక్కువగా సున్నపు సందుల్లోంచే. ఆ సందుల్ని ఎవరో మంచి చేద్దామనుకుని సిమెంటుతో పూడ్చారు, లోపల జిప్సం పట్టించి పైన ప్లాస్టిక్ రంగు వేశారు. ఇక తడికి రాయి ఒక్కటే దారి. చలికి ఆ తడి గడ్డకట్టి రాయి ముఖాన్ని ఊడదీస్తుంది. మిగిలింది లోపలికి వచ్చి మా బియ్యం డబ్బా వెనక తేలుతుంది. “రెయిన్‌కోటు తొడుక్కుని పరుగెత్తితే చెమట ఎక్కడికి పోతుంది?” అని అడిగారు ఆవిడ. రసాయనం ఎక్కించడం గురించి చెబితే నవ్వారు. మా గోడ రెండు రాతి పొరల మధ్య రాళ్లూ మట్టీ పోసిన గోడ. అందులో రసాయనం ఎటు పోతుందో పోసినవాడికే తెలియదట.

వెళ్లబోతూ గుర్రపుకొట్టం దగ్గర ఆగారు. అక్కడ మేము పూలకుండీలు పెట్టుకునే రాయి ఒకటి గోడ అడుగున కొంచెం ముందుకు పొడుచుకు వచ్చి ఉంటుంది. ఆవిడ మోకాళ్ల మీద కూర్చుని, కుండీలు తీసి, టార్చి అడ్డంగా పట్టారు. వెలుగు పక్క నుంచి పడేసరికి రాయి పొడవునా గుండ్రటి గాడి, దాని కింద ఇంకో సన్న గాడి కనిపించాయి. తలకిందులుగా పెట్టిన చెక్కుడు రాయి. పొలం ఇంటికి ఎవరూ అంత నగిషీ చేయించరు. మఠం పడగొట్టాక బండికెత్తుకొచ్చిన రాయి అయి ఉండవచ్చు అన్నారు. అవును అని మాత్రం అనలేదు. “ఇది సన్యాసుల గ్రేంజ్ అంటున్నారు కదా, మీకెలా తెలుసు?” అని అడిగారు. కరపత్రంలో ఉంది అన్నాను. 19వ శతాబ్దంలో సొమ్మున్న ప్రతివాడూ తన ఇంటికి గ్రేంజ్ అని పేరు పెట్టుకున్నాడు, కరపత్రం సాక్ష్యం కాదు అన్నారు.

మేము పట్టుదలగా నెల తిరక్కుండానే దరఖాస్తు పంపాం. రుసుము లేదు కదా అన్న ధైర్యం ఒకటి. పది రోజుల్లో ‘చెల్లదు’ అని తిరిగి వచ్చింది. తప్పు మాదే. కొలతల గీత లేని బొమ్మలు పంపాం. కట్టడం ప్రాముఖ్యాన్ని వివరించే నివేదిక ఉండాల్సిన చోట ఒకటిన్నర పేజీ రాశాం, అందులో ఒక పేజీ చెమ్మ గురించిన మొరే. ఏ భాగం ఎప్పటిది, ఎందుకు కట్టారు, మీ పని వల్ల దానికేమవుతుంది? ఈ మూడింటికీ జవాబు కావాలి. అంటే మరమ్మతుకు ముందు ఇంటిని చదవాలి. మావారు బొమ్మల పని తీసుకున్నారు. చరిత్ర నా వంతుకు వచ్చింది.

చదివిన కొద్దీ నా గొప్పలు కరుగుతూ వచ్చాయి. గ్రేంజ్ అంటే సన్యాసులుండే ఇల్లు కాదు. ధాన్యం అన్న లాటిన్ మాట నుంచి వచ్చింది, ధాన్యపు కొట్టు ఉన్న పొలం అని. ఫ్రాన్సులో 1098లో మొదలైన సిస్టర్షియన్ సన్యాసులకు ఒక పట్టింపు ఉండేది. ఇతరుల కౌళ్ల మీద బతకకూడదు, సొంత చేతులతో పండించుకోవాలి. కానీ రోజుకు ఏడెనిమిది సార్లు ప్రార్థనకు నిలబడేవాడు దుక్కి ఎప్పుడు దున్నుతాడు? అందుకని కాన్వర్సీ అనే రెండో వర్గాన్ని పెట్టుకున్నారు. వీళ్లు రైతుబిడ్డలు. గడ్డం ఉండేది, చదువు ఉండేది కాదు. పుస్తకం పట్టకూడదని నియమమే ఉంది. నాలుగైదు ప్రార్థనలు కంఠస్థం చేసి, మఠానికి ఒక్క రోజు నడకలో ఉండాల్సిన గ్రేంజుల్లో వారమంతా పనిచేసి, ఆదివారాలకూ పండగలకూ మఠానికి వెళ్లేవారు. మాకు దగ్గర్లోని రీవో మఠంలో 1160ల నాటికి 140 మంది సన్యాసులైతే ఇలాంటి పనివారు 500 మంది అని అక్కడి మఠాధిపతి జీవితచరిత్ర రాసిన సన్యాసే చెప్పాడు. లెక్క గుండ్రంగా ఉన్నా, ఎవరి చెమట మీద ఎవరి కీర్తన నడిచిందో అర్థమవుతుంది.

మా పొలం రీవోది కాదు, బైలండ్ మఠానిది. ఈ రెండు మఠాల మధ్య ఒక సరదా తగవు ఉంది. బైలండ్ వాళ్లు 1143లో రీవోకు మరీ దగ్గర్లో దిగారు. ఒకరి గంట ఒకరికి వినిపించి, ఎవరిని ఎవరు ప్రార్థనకు పిలుస్తున్నారో తెలియని గందరగోళం. చివరికి బైలండ్ వాళ్లే సర్దుకుని వెళ్లిపోయారు. ఇప్పుడు శిథిలాలున్న చోటికి 1177లో చేరారు.

ఇది బైలండ్ భూమి అని తేల్చడానికి ఒక రోజంతా యార్క్ విశ్వవిద్యాలయంలోని బోర్త్‌విక్ అభిలేఖాగారంలో గడిపాను. ముందుగా చెప్పి పెట్టుకోవాలి, కలం లోపలికి రానివ్వరు, పెన్సిలే. 1836లో ఇంగ్లండులో చర్చికి పంటలో పదో వంతు ఇచ్చే పద్ధతి తీసేసి, దాన్ని డబ్బుగా మార్చారు. అందుకోసం ఊరూరా కొలిచి పటాలు గీశారు, ఒక్కోదానికి మూడు ప్రతులు. మేత్రాణికి, అంటే బిషప్పుకు, చెందిన ప్రతి ఇక్కడ ఉంటుంది. మంచం దుప్పటంత పటం, మూలలు లేవకుండా గుడ్డలో కుట్టిన సీసపు గుళ్ల బరువులు. ప్రతి మడికీ నంబరు, పక్క పుస్తకంలో ఆ నంబరుకు ఎదురుగా యజమాని, కౌలుదారు, పొలం పేరు, విస్తీర్ణం, చివరి గడిలో కట్టాల్సిన సొమ్ము.

మా ఇంటి నంబరు దొరికింది. చుట్టూ ఉన్న మడుల నంబర్లూ దొరికాయి. చివరి గడిలో ఏమీ లేదు. ఒక పేజీ కాదు, మా పొలం మొత్తానికి ఆ గడి ఖాళీ. నకలు రాసినవాడు మర్చిపోయాడేమో అనుకున్నాను. పక్క పొలాలన్నిటికీ పౌండ్లు, షిల్లింగులు, పెన్నీలు పద్ధతిగా ఉన్నాయి. నా ముఖం చూసి అక్కడి ఉద్యోగిని వచ్చి, పుస్తకం మొదటి పేజీలకు తిప్పింది. అక్కడ ఉంది సంగతి: రద్దయిన మఠం ఆస్తిలో భాగం కాబట్టి, యజమాని స్వయంగా సాగు చేస్తున్నంత కాలం ఈ భూములకు పదో వంతు లేదు. సిస్టర్షియన్లు స్వయంగా సాగు చేసుకునే భూములకు రోములోని పోప్ ఇచ్చిన మినహాయింపు అది. ఎనిమిదో హెన్రీ రాజు 1536, 1540 మధ్య మఠాలన్నిటినీ మూసేశాడు; 1539 నాటి చట్టం ఆ మినహాయింపును కొత్త యజమానులకు అలాగే దఖలుపరిచింది. బైలండ్ 1538లో మూతపడింది. సన్యాసులు పోయి మూడు వందల ఏళ్లయినా వాళ్ల రాయితీ మాత్రం ఆ ఖాళీ గడిలో కూర్చుని ఉంది.

ఆ సాయంత్రం నాన్నకు ఫోను చేసి ఇదంతా ఆయాసపడుతూ చెబితే, మొత్తం విని, “అంటే మాన్యం అన్నమాట,” అన్నారు. అంతే. నివేదికలో నేను దాన్ని వివరించడానికి పేజీన్నర తీసుకున్నాను.

నాన్న ఏప్రిల్‌లో ఆరు నెలల వీసా మీద వచ్చారు. హీత్రూలో ఆదివారం పొద్దున దిగారు. ఆ రోజే హార్మండ్స్‌వర్త్ కొట్టు తెరిచి ఉంటుందని ముందే చూసుకుని, పెట్టెలు కారులో వేసుకుని నేరుగా అక్కడికి తీసుకెళ్లాను. మనవాళ్లు ఎందరో హీత్రూలో దిగుతారు, ఆ విమానాశ్రయానికి దగ్గర్లోనే 1426లో కట్టిన ధాన్యపు కొట్టు ఉందని ఎవరికీ తెలియదు. 58 మీటర్ల పొడవు, రెండు వరసల ఓక్ స్తంభాలు, కర్రల్లో అధికభాగం నాటివే. ఇది సన్యాసులు కట్టింది కాదు. అంతకుముందు ఆ ఊరు ఫ్రాన్సులో రువాన్ పట్టణంలోని ఒక మఠానిది, వారి నుంచి 1391లో కొన్న వించెస్టర్ కళాశాల కట్టించింది. దీన్ని మిడిల్‌సెక్స్ కెథీడ్రల్ అన్నాడు కవి జాన్ బెట్జమన్. ప్రయాణ బడలికతో ఉన్న నాన్న లోపలికి అడుగుపెట్టి, తల వెనక్కి వంచి చాలాసేపు దూలాలు చూశారు. విమానం ఒకటి నెత్తి మీంచి పోయింది. “ఎన్ని పుట్లు పడతాయో,” అన్నారు. ఆయనకు అది చర్చిగా కనిపించలేదు.

ఆయన వచ్చాక మా నివేదిక దారి మారింది. మా కొట్టుకు ఎదురెదురుగా రెండు పెద్ద తలుపులు, మధ్యలో బండలు పరిచిన నేల. ఒక తలుపు ఎప్పుడో సగానికి పూడ్చేశారు. ఎందుకు రెండు పెట్టారో నేనూ మావారూ ఎన్నడూ ఆలోచించలేదు, బండి ఇటు వచ్చి అటు పోవడానికి కాబోలు అనుకున్నాం. నాన్న మధ్యలో నిలబడి ఒకసారి అటూ ఇటూ చూసి, “ఇది కళ్లం. తలుపులు గాలికి,” అన్నారు. ఇక్కడి చలిలో, వానలో బయట నూర్చలేరు. కొట్టులోనే కంకులు పరిచి కర్రలతో కొట్టి, రెండు తలుపులూ తెరిస్తే గాలి సూటిగా దూసుకుపోతుంది. ఆ గాలిలో తూర్పారబడితే పొట్టు ఒక పక్కకు, గింజ ఒక పక్కకు. తర్వాత పుస్తకాల్లో చూస్తే అక్షరాలా అదే ఉంది. పూడ్చిన తలుపును తెరుస్తామని దరఖాస్తులో చేర్చడానికి ఆ మాటే కారణం.

అన్నిసార్లూ ఆయన మాట నిలిచిందని కాదు. కొట్టు గోడల్లో బయట సన్నగా, లోపల వెడల్పుగా ఉన్న నిలువు చీలికలు చూసి తుపాకీ గూళ్లు అని తేల్చేశారు. కొండవీడు కోటలో ఇలాంటివే చూశానన్నారు. నేను అది నివేదికలో రాసి కూడా పెట్టాను. అధికారిణి చదివి, మర్యాదగా, గడ్డికి గాలి తగలడానికి పెట్టిన కంతలు అని సరిదిద్దారు. “గడ్డికి అంత బందోబస్తా?” అని నాన్న ఇప్పటికీ ఒప్పుకోరు.

వెనక పచ్చిక బయలు కథ వేరు. అందులో ఒక మూల పొడవాటి మట్టి దిమ్మ, దాని అవతల పల్లం. ఒక ఉదయం నేను టీ కప్పుతో కిటికీ దగ్గరికి వచ్చేసరికి నాన్న పార భుజాన వేసుకుని అటు వెళుతున్నారు. మెంతికూర, కొత్తిమీర మడి వేద్దామని, ఆ దిమ్మను చదును చేస్తే మంచి మట్టి వస్తుందని ఆయన ఉద్దేశం. చెప్పులు లేకుండా మంచులో పరుగెత్తాను. ఆ దిమ్మ రక్షిత స్మారకం హద్దులో ఉంది. అది ఇంటి చట్టం కాదు, 1979 నాటి పురావస్తు చట్టం. అక్కడ అనుమతి లేకుండా తవ్వితే నేరం. ఆయన పార దించి దిమ్మ మీద నిలబడి, ఒక కొసన గండిలా ఉన్న చోటును చూపించి, “అమ్మాయ్, ఇది చెరువు కట్ట. అదిగో తూము,” అన్నారు. పటంలో ఆ చోట ‘చేపల చెరువు’ అని చిన్న అక్షరాల్లో ఉన్న సంగతి నేను ఆయనకు అప్పటికి చెప్పలేదు. మాంసం మానిన సన్యాసులకు చేపే దిక్కు. మెంతికూర తొట్లలో వేశాం. బాగానే వచ్చింది.

జూన్‌లో రెండో దరఖాస్తు పంపాం, 31 పేజీల నివేదికతో. అందులో నాకు ఇష్టమైన పేజీ పొయ్యి మీది దూలం గురించినది. నివేదిక కోసం ప్రతి గదినీ పక్క వెలుతురులో ఫోటో తీస్తుండగా, ఆ దూలం మీద వృత్తలేఖినితో గీసిన ఆరు రేకుల పువ్వు బయటపడింది. అరచేతిలో సగం ఉంటుంది. మూడేళ్లుగా... కాదు, అప్పటికి ఎనిమిది నెలలే, మూడేళ్లలా అనిపించింది, రోజూ దాని కిందే పప్పు పోపు పెడుతున్నాను. దుష్టశక్తులు పొగగొట్టంలోంచి దిగకుండా 17వ శతాబ్దంలో ఇలాంటివి గీసేవారని చాలామంది పండితుల మాట. నేను మాత్రం ముగ్గు అనుకున్నాను. గడపకు వేయాల్సింది పొయ్యికి వేశారు, అంతే తేడా.

తర్వాత గబ్బిలాలు. గోడ పైభాగంలో, పెంకుల కింద కంతలున్నాయి కాబట్టి గబ్బిలాలు ఉన్నాయో లేవో చూడాలి. అవి బయటికి వచ్చేది వేసవి సాయంత్రాలే కాబట్టి వేసవిలోనే చూడాలి. నిపుణులు ఇద్దరు మడత కుర్చీలతో వచ్చి రెండు సాయంత్రాలు కూర్చున్నారు. చీకటి పడ్డాక వాళ్ల చేతిలోని యంత్రం టకటకమంది, బొటనవేలంత గబ్బిలాలు నాలుగు తూర్పు గోడ కంతలోంచి జారుకున్నాయి. ఒక్కోటి అయిదు గ్రాములట. గబ్బిలం ఇంట్లో దూరితే అరిష్టమని పెరిగిన నాన్నకు, వాటిని కదిపితే శిక్ష పడుతుందని చెప్పడం నా వల్ల కాలేదు, మావారికి అప్పగించాను. ఆ కంతను అలాగే వదలాలన్నది షరతు అయింది.

సెప్టెంబరులో అనుమతి వచ్చింది. ఎనిమిది వారాలన్నది పన్నెండు అయింది, ఫిర్యాదు చేయను. షరతులు తొమ్మిది. సిమెంటును యంత్రంతో కోయకూడదు, సుత్తీ ఉలీతోనే తీయాలి. ముందు ఒక చదరపు మీటరు మేర నమూనా చేసి చూపించాలి. అది ఒప్పుకున్నాకే మిగతా గోడ. మాకు దొరికిన సున్నపు మేస్త్రి డైరీ తెరిచి, “మే” అన్నాడు. చలి అయిదు డిగ్రీల కిందికి దిగితే సున్నం పట్టదు, మంచు కొడితే పొడి అయిపోతుంది, అక్టోబరు తర్వాత గోడ ముట్టనన్నాడు. ఇంకో చలికాలం బూజుతో గడపాలి. నాన్న వీసా అయిపోయి వెళ్లిపోయారు, సున్నం పని చూడకుండానే. ధర సంగతి ఒక్కటే చెబుతాను: ఇక్కడ కొత్త ఇల్లు కడితే వ్యాట్ లేదు, మూడు వందల ఏళ్ల ఇంటిని బాగు చేస్తే 20 శాతం.

మేలో పని మొదలైంది. సిమెంటు తీయడానికే మూడు వారాలు పట్టింది. కొన్నిచోట్ల సిమెంటుతో పాటు రాయి ముఖం కూడా బిళ్లలా ఊడి చేతిలోకి వచ్చింది. లోపల, గోడ నడిమి నుంచి మేస్త్రి పాత గార ముద్ద ఒకటి ఉలి మొనతో తీసి నా చేతిలో పెట్టాడు. వంటింట్లో గాజు గ్లాసులో వినెగర్ పోసి అందులో వేశాం. బుసబుసమని పొంగింది. మర్నాటికి సున్నం కరిగిపోయి అడుగున పసుపు ఇసుక, రెండు బొగ్గు తునకలు మిగిలాయి. ఆ ఇసుక రంగు చూసి, అలాంటి ఇసుకే దొరికే క్వారీ నుంచి తెప్పించాడు. నా గ్లాసు మాత్రం తిరిగి ఇవ్వలేదు.

నమూనా రోజున కాల్చిన సున్నపురాయి పొడిని ఇసుకతో కలిపి నీళ్లు చల్లారు. ముందు ఏమీ జరగలేదు. ఒక నిమిషానికి కుప్ప నడిమి నుంచి ఆవిరి లేచింది, ఇసుక చిటపటమంటూ పగుళ్లు ఇచ్చింది, నాలుగడుగుల దూరానికి వేడి తగిలింది. ఆ వాసన నాకు తెలుసు. మా తాతగారి ఊళ్లో గానుగ సున్నంతో కట్టిన ఇంటికి ఏటా సంక్రాంతికి ముందు సున్నం వేసేవారు, పెరట్లో తొట్టెలో ఇలాగే ఉడికేది, పిల్లల్ని దగ్గరికి రానిచ్చేవారు కాదు.

ఫోను తీసి నాన్నకు వీడియో కాల్ కలిపాను. పరంజా గొట్టానికి ఫోనును రబ్బరు బ్యాండుతో కట్టి గోడ వైపు తిప్పాను. మేస్త్రి సందులో నీళ్లు చిమ్మి, సన్నటి తాపీతో గార కూరి, కాస్త బిగిశాక గట్టి కుచ్చు బ్రష్షుతో దాన్ని పోట్లు పొడిచినట్టు కొట్టాడు. ఇసుక రేణువులు పైకి తేలి, సందు రాయి రంగులో కలిసిపోయింది. ఎండ నేరుగా తగలకుండా తడిపిన గోనెపట్టా కప్పాడు.

“కరక్కాయ నీళ్లు పోయరా?” అన్నారు నాన్న.

ఇంగ్లీషులో చెప్పాను. కరక్కాయ అంటే ఏమిటో, బెల్లంతో కలిపి నానబెట్టిన నీళ్లు సున్నంలో ఎందుకు పోసేవారో మేస్త్రికి వివరించేసరికి గార బిగుసుకునేలా ఉంది. ఇక్కడి పాతవాళ్లు వెల్లవేసే సున్నంలో పశువుల కొవ్వు కలిపేవారని, వాన నిలవకుండా అని ఆయన చెప్పాడు. ఆ సంగతి నాన్నకు చెబితే ముఖం చిట్లించి, మాట మార్చారు.

“ఇంకా తడపమను. తడి చాలదు.”

మేస్త్రి గోనెపట్టా ఎత్తి, కెమెరాకు ఎదురుగా పట్టి పిండి చూపించాడు. నీళ్లు ధారగా కారి నా బూట్ల మీద పడ్డాయి. “మూడుసార్లు తడిపానని చెప్పండి ఆయనకు,” అన్నాడు.

“నాలుగోసారి తడపమను,” అన్నారు నాన్న.